కాఫీ గిన్నెలో అద్దుడు కాగితం

ఇసుకా ఉప్పూ కలిసిన మిశ్రమాన్ని ఇచ్చి రెండింటిని వేరు చేయమంటే, హైస్కూలు విద్యార్థి ఎవరైనా తడుముకోకుండా సమాధానం చెబుతాడు. నీరు పోసి కలిపితే ఉప్పు కరుగుతుంది. వడపోత కాగితం గుండా పోస్తే ఉప్పునీరు క్రిందికి దిగుతుంది. ఇసుక కాగితం మీద నిలిచిపోతుంది. క్రిందికి దిగినది గాలితం, పైన మిగిలినది శేషం. ఇంతమాత్రం వ్రాస్తే పరీక్షలో పూర్తి మార్కులు వస్తాయి. తన ఇంట్లో రోజూ తెల్లవారగానే జరిగే పని కూడా ఇదేనని ఆ విద్యార్థికి సాధారణంగా ఎవరూ చెప్పరు.

వేయించి పొడిచేసిన కాఫీ గింజలో నీటిలో కరిగే పదార్థాలూ ఉన్నాయి, కరగనివీ ఉన్నాయి. కరిగేవి పొడి బరువులో సుమారు నూటికి 30 వంతులు మాత్రమే, తక్కినదంతా పిప్పి. ఐతే ఇసుక, ఉప్పు ప్రయోగానికీ దీనికీ ఒక భేదం ఉన్నది. అక్కడ ఉప్పు యావత్తూ మనకు కావాలి. ఇక్కడ కరిగేవాటిలో సైతం కొన్ని కావాలి, కొన్ని వద్దు. కరగకుండా నీటితోపాటు జారిపోయే తైలం ఒకటి ఉన్నది. అది కావాలో వద్దో తేల్చుకోవడానికి మానవులకు చాలాకాలం పట్టింది. గాలితంలోకి ఏది రావాలి, శేషంలో ఏది ఉండిపోవాలి అనే ఈ ప్రశ్న చుట్టూ కాఫీ వడపోత చరిత్ర అంతా తిరుగుతుంది.

15వ శతాబ్దంలో యెమెన్ దేశపు సూఫీ భక్తులు రాత్రి ప్రార్థనలలో నిద్ర ముంచుకు రాకుండా కాఫీ త్రాగేవారు. అక్కడినుండి అది తురుష్క సామ్రాజ్యమంతటా వ్యాపించి, 17వ శతాబ్దంలో ఐరోపాకు చేరింది. తురుష్కుల పద్ధతిలో వడపోత అన్నది లేదు. మెత్తని పొడిని నీటిలో వేసి కాచి, మడ్డి అడుగుకు దిగేవరకు ఆగి, పైతేటను త్రాగడమే. ఐరోపావారు కాఫీని స్వీకరించారు గాని మడ్డితో రాజీపడలేకపోయారు. దాన్ని దించడానికి గ్రుడ్డు సొన వేసి చూశారు. చేప తిత్తి నుండి తీసే జిగురు వేసి చూశారు. ఫ్రాన్సులో 18వ శతాబ్దంలో పొడిని గుడ్డ సంచిలో కట్టి నీటిలో ముంచారు. గుడ్డ మంచి వడపోత సాధనమే. కాని నూలు పోగులలో ఇంకిన కాఫీ తైలం ఎంత ఉతికినా పూర్తిగా పోదు; నాలుగు రోజులకు మక్కిపోతుంది. ఐదవనాటి కాఫీకి పాత గుడ్డ వాసన వస్తుంది.

1800 ప్రాంతంలో పారిస్ నగరంలో ఒక క్రొత్త పాత్ర వాడుకలోకి వచ్చింది. పారిస్ ఆర్చిబిషప్పు ద బెలోయ్ పేరుమీద దాన్ని చెప్పుకుంటారు. ఒకదానిపై ఒకటి నిలిచే రెండు గిన్నెలు. పై గిన్నె అడుగున సన్నని రంధ్రాలు. అందులో పొడి వేసి వేడినీరు పోస్తే చుక్క చుక్కగా క్రింది గిన్నెలోకి దిగుతుంది. ఇది చదివిన తెలుగు పాఠకుడికి తన వంటింట్లోని స్టీలు ఫిల్టరు కళ్ళ ముందు కనిపించి ఉంటుంది. సూత్రం ఒక్కటే.

ఆ పాత్రను పట్టుకొని, అందులో భౌతికశాస్త్రం ఎంత ఉన్నదో మొదట తరచి చూసినవాడు రంఫర్డ్ ప్రభువు. ఇతని అసలు పేరు బెంజమిన్ థాంప్సన్, 1753లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో జన్మించాడు. ఫిరంగి గొట్టాలను తొలిచేటప్పుడు అంతులేకుండా పుట్టే ఉష్ణాన్ని గమనించి, ఉష్ణం ఒక ద్రవ్యం కాదని 1798లో వాదించిన శాస్త్రజ్ఞుడుగా మన పాఠ్యపుస్తకాలు అతన్ని ఎరుగుదుము. లవోయిజే వితంతువును పెండ్లాడినది కూడా ఇతడే. ఇంతటివాడు 1812లో కాఫీ గురించి, దాన్ని ఉత్తమంగా తయారుచేసే విధానం గురించి ప్రత్యేకంగా ఒక వ్యాసం ప్రకటించాడు. నలుగురూ సారాయి మాని కాఫీకి అలవాటు పడితే లోకానికి మేలని అతని నమ్మకం.

రంఫర్డ్ వాదన సులభమైనది. కాఫీ రుచిలో ముఖ్యభాగం సువాసన. సువాసననిచ్చే పదార్థాలు బాష్పశీలమైనవి, అనగా వేడికి ఆవిరై పోయేవి. పొడిని నీటిలో వేసి కుతకుత ఉడికిస్తే ఆ పదార్థాలు గాలిలో కలుస్తాయి. ఇల్లంతా ఘుమఘుమలాడుతున్నదంటే, గిన్నెలో ఉండవలసినది గదిలోకి పోయిందని అర్థం. కావున నీరు వేరుగా కాగాలి, పొడి వేరుగా ఉండాలి. నీరు మరుగు స్థానానికి కొంచెం తక్కువలో ఉండగా పొడి గుండా దిగాలి. దిగేటంతసేపూ వేడి తగ్గకూడదు. అందుకని అతడు పాత్ర చుట్టూ వేడినీటి తొడుగు ఒకటి ఏర్పాటు చేశాడు. పొడిని చదును చేసి, పైన మెత్తగా అదమాలని కూడ చెప్పాడు. అదమకపోతే నీరు తనకు సులువైన దారి చూసుకొని ఒక్కచోటనే జారిపోతుంది. ఒక ప్రక్క పొడి సారమంతా పోగొట్టుకుంటుంది, మరొక ప్రక్క పొడి సరిగా తడవదు. మన ఫిల్టరులో పొడిమీద పెట్టే చిల్లుల బిళ్ళకు కాడ ఎందుకున్నదో దీన్నిబట్టి గ్రహించవచ్చును.

ఇంత చేసినా లోహపు రంధ్రాల చిక్కు తీరలేదు. రంధ్రం పెద్దదైతే సన్నని నుసి దిగుతుంది, చిన్నదైతే పూడిపోతుంది.

ఇక్కడ మనం పారిస్ విడిచి, జర్మనీలోని యేనా పట్టణానికి పోవలసి ఉన్నది. 1819లో అక్కడ ఫ్రీడ్లీబ్ ఫెర్డినాండ్ రుంగె అనే 25 ఏండ్ల యువకుడు రసాయనశాస్త్రం చదువుతున్నాడు. ఒక విషపు మొక్క సారం కంటిలో వేస్తే కనుపాప విప్పారుతుందని అతడు గమనించాడు. ఈ సంగతి విని మహాకవి గేటే అతన్ని పిలిపించాడు. రుంగె చంకలో పిల్లిని పెట్టుకొని వెళ్ళి, దాని కంటిమీద ప్రయోగం చేసి చూపించాడు. సంతోషించిన గేటే, దీన్ని కూడ పరీక్షించి చూడమని ఒక చిన్న పెట్టెడు కాఫీ గింజలు ఇచ్చి పంపాడు. ఆ గింజలనుండి రుంగె తెల్లని స్ఫటికాలను వేరుచేశాడు. అదే కెఫీన్. 1820లో ఆ ఫలితాన్ని ప్రకటించాడు. మరుసటి ఏడే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు స్వతంత్రంగా దాన్ని సాధించారు.

రుంగె కథ ఇంతటితో ముగియలేదు. ముప్పై ఏండ్లు గడిచిన తరువాత ఒరానియెన్‌బుర్గ్‌లో అతడు లవణ ద్రావణాల చుక్కలను అద్దుడు కాగితంమీద వేసి, అవి రంగురంగుల వలయాలుగా విడిపోవడం చూశాడు. 1855లో ఆ కాగితాలనే అంటించి ఒక పుస్తకం వెలువరించాడు. ఒక్కొక్క పదార్థం కాగితంలో ఒక్కొక్క దూరం ప్రయాణిస్తుంది; ఈనాడు మన ప్రయోగశాలల్లో చేసే కాగితపు క్రోమటోగ్రఫీకి అది ముందు మెట్టు. కాఫీలోని సారాన్ని ఎరిగినవాడు, అద్దుడు కాగితం స్వభావాన్ని ఎరిగినవాడు ఆ కాలంలో ఇంతగా మరొకడు లేడు. ఐనా ఆ రెండింటిని ఒకచోట చేర్చాలని అతనికి తోచలేదు. అతని మరణం తరువాత నలభై ఏండ్లకు ఒక గృహిణికి తోచింది.

ఆమె పేరు మెలిట్టా బెంట్జ్. 1873లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో జన్మించింది. ప్రయోగశాలలో అడుగుపెట్టినది కాదు. ఉదయం కాఫీలో మడ్డి నోటికి తగలడం, చేదెక్కడం ఆమెకు సహించలేదు. ఒక ఇత్తడి పాత్ర తీసుకొని, అడుగున మేకుతో చిల్లులు పొడిచింది. కొడుకు స్కూలు నోటుపుస్తకంలోని అద్దుడు కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి ఆ చిల్లులమీద పరచింది. పైన కాఫీ పొడి వేసి వేడినీరు పోసింది. క్రిందికి దిగిన కాఫీ తేటగా ఉన్నది, చేదు తగ్గినది. కాగితాన్ని మడ్డితోసహా పారవేయవచ్చును. కడుగుడు బెడద లేదు. గుడ్డకుండే పాత వాసనా లేదు.

1908 జూన్ 20వ తేదీన బెర్లిన్‌లోని పేటెంటు కార్యాలయంలో ఈ సాధనం ఆమె పేరున నమోదయింది. పూర్తి పేటెంటు కంటె ఒక మెట్టు తక్కువైన హక్కు అది. అదే ఏడాది డిసెంబరు 15న కంపెనీ రిజిస్టరు అయింది. మూలధనం 73 ఫెనిగ్గులు. నూరు ఫెనిగ్గులు ఒక మార్కు. కావున ముప్పాతిక మార్కు కూడా లేదు. భర్త హ్యూగో, కుమారులు అందరూ పనిలో దిగారు. మరుసటి ఏడాది లైప్‌జిగ్ వాణిజ్య ప్రదర్శనలో 1200కు పైగా ఫిల్టరులు అమ్ముడుపోయాయి.

మొదటి ప్రపంచయుద్ధం వచ్చినప్పుడు లోహం సైన్యానికి పోయింది, కాగితం దొరకలేదు, నౌకా దిగ్బంధంవల్ల కాఫీ గింజలే దేశంలోకి రాలేదు. యుద్ధానంతరం సంస్థ కోలుకొని, 1929లో మిండెన్ అనే ఊరికి మారింది. 1930 దశాబ్దంలో బల్లపరుపు అడుగు పోయి, క్రిందికి సన్నగిలే గరాటు ఆకారమూ, దానికి సరిపోయే కాగితపు సంచీ వచ్చాయి. శ్రీమతి బెంట్జ్ 1950లో కన్నుమూసింది.

ఈ గరాటు ఆకారం గురించి విద్యార్థులు కొంచెం ఆలోచించాలి. గుండ్రని వడపోత కాగితాన్ని సగానికి, మళ్ళీ సగానికి మడిచి, ఒక ప్రక్క ఒక పొర, మరొక ప్రక్క మూడు పొరలు ఉండేటట్లు విప్పితే శంకువు తయారవుతుంది. దాని శిఖరకోణం ఎంత? కాగితపు వ్యాసార్థం 'వ' అనుకుంటే, దాని పరిధి 2πవ. మడతలో సగమే శంకువు అంచుగా విచ్చుకుంటుంది. అనగా అంచు చుట్టుకొలత πవ. కావున శంకువు నోటి వ్యాసార్థం వ/2. ఏటవాలు పొడవు మాత్రం 'వ' గానే ఉన్నది. సగం కోణపు సైను విలువ 1/2. అంటే సగం కోణం 30 డిగ్రీలు, పూర్తి కోణం 60 డిగ్రీలు. ప్రయోగశాల గాజు గరాటులను 60 డిగ్రీల కోణంతో చేయడంలోని రహస్యం ఇదే. కాగితం ఎంత పెద్దదైనా ఈ కోణం మారదు.

ఈ ప్రయోగశాల గరాటును నేరుగా వంటింటికి తెచ్చినవాడు పీటర్ ష్లుంబోమ్. జర్మనీలో రసాయనశాస్త్రంలో డాక్టరు పట్టం పొంది, అమెరికాకు వలసవెళ్ళిన ఇతడు గాజు గరాటును, 1860లో ఎర్లెన్మేయర్ రూపొందించిన శంకువు కుప్పెను కలిపి ఒకే గాజు పాత్రగా చేశాడు. మెడకు పట్టుకోవడానికి కొయ్య పట్టీ, తోలు త్రాడు. కెమెక్స్ అని పేరు. 1941లో దీనికి పేటెంటు వచ్చింది. ఆ తరువాత న్యూయార్క్ ఆధునిక కళా ప్రదర్శనశాలవారు దాన్ని తమ సేకరణలో చేర్చుకున్నారు. చూడటానికి అందంగా ఉండటం ఒక ఎత్తు. అందులోని చిన్న గాడి ఒక ఎత్తు. తడిసిన కాగితం గాజుకు అతుక్కుపోతే, క్రింది గాలి బయటికి పోవడానికి దారి ఉండదు. గాలి పోకపోతే ద్రవం దిగదు. పాత్ర మూతినుండి క్రిందికి దిగే గాడి ఆ గాలికి దారి. జపానులో ప్రయోగశాల గాజుసామానుతో 1921లో ప్రారంభమైన హరియో కంపెనీ, ఇప్పటి కాఫీ ప్రియులు ఎక్కువగా వాడే గరాటును తయారుచేసింది. వి 60 అనే దాని పేరులో మనం పైన లెక్కగట్టిన కోణమే ఉన్నది. గోడలకు మెలి తిరిగిన కమ్మీలు పెట్టడం కూడ గాలి దారికోసమే.

చేతితో నెమ్మదిగా నీరు పోసే ఈ పద్ధతిని పోర్ ఓవర్ అంటున్నారు. తాజాగా వేయించిన పొడిమీద మొదట కొద్దిగా నీరు పోస్తే అది పొంగి బుడగలు వస్తాయి. వేయించేటప్పుడు గింజలో చిక్కుకున్న బొగ్గుపులుసు వాయువు అది. అర నిమిషం ఆగి దాన్ని పోనిచ్చి, మిగిలిన నీరు దఫదఫాలుగా పోస్తారు. మూడు నిమిషాలకు పని ముగుస్తుంది. ఎంత పొడి, ఎంత నీరు అన్నదానికి ప్రమాణాలు ఏర్పరచినవాడు ఎర్నెస్ట్ లాక్‌హార్ట్ అనే అమెరికా రసాయనశాస్త్రజ్ఞుడు. అంతకుముందు దక్షిణ ధ్రువ ఖండానికి పోయివచ్చిన సాహసి. 1950 దశాబ్దంలో అతడు చేసిన పరిశోధనల ప్రకారం, పొడి బరువులో నూటికి 18 నుండి 22 వంతులు కరిగి రావాలి. కప్పులోని ద్రవంలో కరిగిన పదార్థం నూటికి 1.15 నుండి 1.35 వంతులు ఉండాలి. 15 గ్రాముల పొడికి 250 గ్రాముల నీరు పోశామనుకుందాం. పొడి సుమారు 30 గ్రాముల నీటిని పట్టి ఉంచుకొంటుంది. 220 గ్రాములు దిగుతుంది. అందులో 2.8 గ్రాములు కరిగి ఉంటే, పొడిలో నూటికి 18.7 వంతులు వచ్చినట్లు. ద్రవపు చిక్కదనం నూటికి 1.27 వంతులు. రెండూ హద్దుల్లోనే ఉన్నాయి. ఇంకా లాగితే వచ్చేది చేదు. తక్కువ లాగితే పులుపే మిగులుతుంది. అందరి నాలుకలూ ఈ హద్దుల్లో ఇముడుతాయని నేను అనను. చికోరీ కలిపి, పాలుపోసి, పంచదార వేసే మన కాఫీకి ఆ లెక్క వర్తించదు.

కాఫీ తేటపడిన తరువాత మరొక సంగతి బయటపడింది. మడ్డీ మక్కిన వాసనా తొలగితే, ఏ నేలమీద పండిన గింజకు ఆ నేల గుణం తెలియడం మొదలైంది. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఎర్నా నట్సెన్ అనే కాఫీ వర్తకురాలు, ప్రత్యేకమైన ప్రదేశపు శీతోష్ణస్థితివల్ల ప్రత్యేకమైన రుచి పొందే గింజలకు 'స్పెషాలిటీ కాఫీ' అనే మాటను 1974లో ఒక వర్తక పత్రికలో వాడింది. ఆమె ఆ వ్యాపారంలో గుమాస్తాగా చేరినప్పుడు రుచి చూసే గదిలోకి స్త్రీలను రానిచ్చేవారు కారు. ఈనాడు ఒకే తోట, ఒకే ప్రాంతపు గింజలను ఇతరాలతో కలపకుండా అమ్ముతున్నారు. మన తూర్పు కనుమలలో 900 నుండి 1100 మీటర్ల ఎత్తున గిరిజన రైతులు పండించే 'అరకు వ్యాలీ అరాబికా'కు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. దాని రుచిని చికోరీతో కలిపి తెలుసుకోవడం కష్టం.

ఇక తైలం సంగతి. 1983లో నార్వే ఉత్తర భాగాన, ధ్రువవృత్తానికి ఆవల ఉన్న ట్రోమ్సో పట్టణపు వైద్యులు సుమారు 14,500 మంది స్త్రీ పురుషులను పరీక్షించి ఒక ఫలితం ప్రకటించారు. ఎక్కువ కాఫీ త్రాగేవారి రక్తంలో కొలెస్టరాల్ ఎక్కువగా ఉన్నది. దీనిమీద పెద్ద చర్చ లేచింది. ఇతర దేశాల పరిశోధకులు కొందరికి అటువంటి సంబంధమే కనిపించలేదు. ఒకే పానీయం ఒక దేశంలో హాని చేసి, మరొక దేశంలో ఊరకుంటుందా? ఎవరి లెక్క తప్పు?

ఎవరి లెక్కా తప్పు కాదు. గింజ ఒకటే గాని కాచే పద్ధతి వేరు. ఉత్తర నార్వే, ఫిన్‌లాండ్ దేశాలవారు ఆ కాలంలో పొడిని నీటిలో వేసి కాచి, మడ్డి దించి త్రాగేవారు. అనగా ఇంచుమించు పాత తురుష్కుల పద్ధతి. ఇతరచోట్ల కాగితపు వడపోత వాడేవారు. హాలండులో 1989లో ప్రకటించిన ఒక ప్రయోగంలో కొందరికి కాచిన కాఫీ, కొందరికి కాగితంలో వడగట్టిన కాఫీ ఇచ్చి చూశారు. కాచిన కాఫీ త్రాగినవారికే కొలెస్టరాల్ పెరిగింది. 1991లో మరొక ప్రయోగం వెలువడింది. దాని పొందిక ముచ్చటైనది. కాచిన కాఫీనే తీసుకొని, సగాన్ని కాగితం గుండా పోసి, ఒక జట్టుకు అదీ ఒక జట్టుకు ఇదీ ఇచ్చారు. కాగితం గుండా పోసినదానికి ఆ దుర్గుణం పోయింది. ఒక్క కాగితం తప్ప మరే భేదమూ లేదు కనుక, ఆ పదార్థమేదో కాగితం దగ్గర ఆగిపోతున్నదని తేలింది. 1994లో వాహెనింగెన్ విశ్వవిద్యాలయపు మార్టైన్ కటాన్ బృందం ఆ పదార్థాలను గుర్తించింది: కాఫీ తైలంలో ఉండే కాఫెస్టాల్, కావియాల్. వీటిలో ప్రబలమైనది కాఫెస్టాల్. రోజుకు 10 మిల్లీగ్రాముల కాఫెస్టాల్ నాలుగు వారాలపాటు తీసుకొంటే, డెసిలీటరు రక్తద్రవంలో కొలెస్టరాల్ 5 మిల్లీగ్రాముల మేరకు పెరుగుతుందని లెక్క. కాచిన కాఫీ కప్పులో అది కొన్ని మిల్లీగ్రాములు ఉంటుంది. కాగితంలో వడగట్టినదాంట్లో లేదన్నంత తక్కువ.

కెఫీన్ నీటిలో కరిగి ఉన్నది కావున నీటితోపాటు కాగితాన్ని దాటిపోతుంది. కాఫెస్టాల్ నీటిలో కరగదు. తైలపు బిందువులతో, నుసితో కలిసి తేలుతుంటుంది. చాలాభాగం పైన ఉన్న పొడిలోనే చిక్కుకొంటుంది. దాన్ని తప్పించుకొని వచ్చినదాన్ని, రంధ్రాలన్నీ నీటితో తడిసి నిండిన కాగితం ఆపుతుంది. డ్రెస్డెన్‌లో నాలుక మెప్పుకోసం పరచిన కాగితం, గుండెకు సంబంధించిన మరొక పని కూడ చేస్తున్నదని తెలియడానికి 80 ఏండ్లకు పైగా పట్టింది. 2020లో నార్వేలో అయిదు లక్షలకు పైబడిన ప్రజల వివరాలను ఇరవై ఏండ్లపాటు పరిశీలించి ప్రకటించిన నివేదికలోనూ, వడగట్టిన కాఫీ త్రాగేవారిలో మరణాల రేటు వడగట్టని కాఫీ త్రాగేవారి కంటె తక్కువగా కనిపించింది. ఇటువంటి పరిశీలనలో ఆహారం, పొగత్రాగుడు మొదలైన ఇతర కారణాలను పూర్తిగా విడదీయడం కష్టమని మాత్రం గుర్తుంచుకోవాలి.

మన స్టీలు ఫిల్టరులో కాగితం లేదు. పొడి తానే తనకు వడపోత. రంధ్రాల గుండా నుసి దిగుతుందని డికాక్షన్ గిన్నె అడుగున ఒకసారి చూసినవారికి తెలుసు. ఉపాధ్యాయులు దీన్ని తరగతిలో చూపించవచ్చును. ఫిల్టరు డికాక్షన్‌ను వేడినీటితో పలుచన చేసి, సగాన్ని వడపోత కాగితం గుండా దించి, రెండు సగాలనూ రెండు గాజు గ్లాసులలో ఒక గంటసేపు కదల్చకుండా ఉంచి, అడుగులను పోల్చి చూడాలి. ప్రయోగశాల గరాటులో దిగినదాన్ని ఎంత తేటగా ఉన్నా త్రాగరాదు. త్రాగడానికైతే కాఫీకోసం అమ్మే కాగితమే వాడాలి. హాలండువారి 1991 ప్రయోగంలో కాగితం కాచేటప్పుడు లేదు, కాచిన తరువాతనే వచ్చింది. కావున ఇంట్లో ఉన్న ఫిల్టరును మార్చనక్కరలేదు. దిగిన డికాక్షన్‌ను పాలలో కలిపే ముందు కాగితం గుండా పోస్తే చాలు. చిక్కటి డికాక్షన్ కాగితంలో నెమ్మదిగా దిగుతుంది. కొంచెం వేడినీరు కలిపితే త్వరపడుతుంది.